మూరెడు ఫాల్ మిగిలిన చీర

మిర్యాలగూడ
6 జూలై 2025

చిరంజీవి సువర్ణకు, శకుంతల వదిన దీవించి రాస్తున్నది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, వదినకు మతి పోయిందా అనుకోకు. నా ఫోను మా ఆయన లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. తప్పు నాదేలే. తమ్ముడి మీద కేసు పెట్టిన ఆ నవనీత మీద ఒళ్ళు మండి, మన చుట్టాల గ్రూపులో నాలుగు మాటలు అని వాయిస్ పెట్టాను. ఎవరి పుణ్యమో గానీ మూడో రోజుకల్లా అది యూట్యూబ్ ఎక్కింది. నా ఫొటో వేసి, "కౌన్సిలర్ అక్క శాపనార్థాలు" అని పేరు పెట్టి మరీ వినిపించారు. మా రైస్ మిల్లులో హమాలీలు కూడా విన్నారట. ఆ దెబ్బకు మన వకీలు జితేందర్ అందరికీ కబురు పెట్టాడు, కేసు తేలేదాకా మనవాళ్ళెవరూ ఫోన్లో ఈ సంగతి ఎత్తవద్దని. సరే, పోస్టు కవరును ఎవరు వింటారని, గుమాస్తా కాటయ్య చేత పది కవర్లు తెప్పించుకున్నాను. నువ్వు కూడా రాయి. నీ దస్తూరీ చూసి ఎన్నేళ్ళయిందో.

నువ్వు సూర్యాపేట ఇల్లు వదిలి కోదాడ వెళ్ళి నెల దాటింది. మీ అమ్మగారికి మోకాలు ఆపరేషన్ అయింది, కూతురివి, నువ్వు చేయాల్సిందే. కాని జనం నోరు వేరేగా పోతోంది. మొన్న ఒక పెళ్ళిలో ఒకావిడ నా మొహం మీదే అంది, మొగుడి మీద కేసు పడగానే పెళ్ళాం పుట్టింటికి పోయిందని. నేను ఊరుకుంటానా? "మా మరదలే కోర్టుల ప్రమాణం జేసి రాసిచ్చింది, నా మొగడు నా పక్కనే ఉన్నడని. ఇంకేం గావాలె మీకు?" అన్నాను.

నిజంగా, నీ అఫిడవిట్ లేకపోతే మన రాజ్‌కుమార్ ఏమైపోయేవాడు? వాడి ఆఫీసులో తన మీద చేయి వేశాడని, బలవంతం చేశాడని ఆ పిల్ల పోలీసు కేసు పెట్టింది. ఎప్పుడమ్మా అంటే నిరుడు సద్దుల బతుకమ్మ సాయంత్రం అంది. ఆ సాయంత్రమంతా నువ్వూ వాడూ వార్డు ఆడవాళ్ళ ముందు స్టేజీ మీద ఉన్నారు, వీడియో కూడా ఉంది. అందుకే వాడు పరువునష్టం దావా వేశాడు. ఇంజంక్షన్ వస్తే ఆ పిల్ల ఇంకెక్కడా నోరు విప్పకూడదట. రావాలి. పార్టీ వాళ్ళు వాడికి చైర్మన్ పదవి ఆశ పెట్టి, ఇప్పుడు వార్డు టికెట్ కూడా లేదంటున్నారు. నీకిస్తామంటున్నారని విన్నాను. తీసుకో. నువ్వు గెలిస్తే వాడు గెలిచినట్టే.

వాడు నాకు తమ్ముడే గానీ నేను కన్నట్టే. వాడికి ఆరేళ్ళున్నప్పుడు అమ్మ పోయింది. అన్నం కలిపి పెట్టింది నేనే, తల దువ్వి బడికి పంపింది నేనే. నీకు తెలియనిదేముంది.

ఇంకో మాట మరిచాను. నామినేషన్ రోజున నువ్వు కట్టుకోవడానికి నా దగ్గర ఒక చీర ఉంది. నెమలికంఠం రంగు, ఎర్రంచు. నిరుడు బతుకమ్మకు తమ్ముడు పెట్టాడు. ఒక్కసారే కట్టాను, అప్పుడే మడమలో సూది దిగింది. ఎవరి చేత ఫాల్ కుట్టించాడో గానీ ఆ మహాతల్లి మూరెడు వదిలేసి, దారంతో సహా సూదిని అక్కడే గుచ్చి పంపింది. నేనే కుట్టుకుందామంటే కంట్లో శుక్లం, దారం కనబడదు. అట్లాగే మడిచిపెట్టాను. ప్రీతి చేత ఆ మూరెడు కుట్టించుకో.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు. ప్రీతికి మేనత్త ముద్దులు.

నీ వదిన
శకుంతల


కోదాడ
15 జూలై 2025

వదినగారికి సువర్ణ నమస్కారాలు.

మీ కవరు చూసి అమ్మ భయపడింది, కోర్టు కాగితమేమోనని. చదివి వినిపించాక నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అమ్మ నవ్వడం ఇదే మొదలు. గోడ పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. రోజూ ఒక ఆయన వచ్చి కాలు వంచి చాచి చేయించి పోతున్నాడు. ఆయన్ని తిట్టడంతోనే అమ్మకు పొద్దు పోతోంది.

నేను కోదాడ రావడం గురించి అడిగారు. మీ దగ్గర దాపరికమెందుకు, అమ్మ మోకాలు ఒక్కటే కారణం కాదు. సూర్యాపేటలో మన గేటు ముందు రోజూ కెమెరాలు పట్టుకుని నిలబడుతున్నారు. పాల ప్యాకెట్ తెచ్చుకోవడానికి బయటికొస్తే, "మేడమ్, మీరు మీ ఆయనను నమ్ముతున్నారా?" అని మైకు పెట్టారు. ప్రీతి కాలేజీకి వెళ్ళడం మానేసింది. ఇక్కడైతే మా తమ్ముడు తిరుమలేష్ బండి మీద దింపి వస్తున్నాడు.

అఫిడవిట్ విషయంలో నేను గొప్ప పని చేసినట్టు రాశారు. చూసింది చూసినట్టు రాశాను, అంతే. అక్టోబర్ పదో తేదీ, సద్దుల నాడు, సాయంత్రం నాలుగింటి నుంచి ఆయన నా పక్కనే ఉన్నారు. ప్రీతి ఆ కాగితం చదివి, "అమ్మా, నువ్వు చూసింది రాశావా, వాళ్ళు చెప్పమన్నది రాశావా?" అని అడిగింది. చూసిందేనని చెప్పాను. పిల్ల మొహంలో భయం పోయింది. నాకు ఆ మాట ఒక్కటే చాలు. ఇప్పుడు ఆ నవనీత తేదీ తప్పుపడిందని కొత్తగా కౌంటర్ వేసిందట. జితేందర్ గారు ఒకటే నవ్వు, వీడియో చూశాక ఎవరైనా తేదీ మార్చుకోక ఏం చేస్తారని. ఆ కౌంటర్ నకలు నాకూ పంపుతానన్నారు.

టికెట్ మాట నిజమే. పట్టణ అధ్యక్షుడు ఫోన్ చేశారు. ఎన్నికలు ఎప్పుడో తెలియదు గానీ, నా ఫొటోతో ఫ్లెక్సీ మాత్రం అప్పుడే వేశారట. నాకు స్టేజీ ఎక్కితే చేతులు చల్లబడతాయి, మీకు తెలుసు కదా. ఇంకా అవుననలేదు.

మీరు చెప్పిన చీర ఏదో నాకు గుర్తు రావడం లేదు. ఆయన నాతో అనలేదు. పదో తేదీ ఆయన సూర్యాపేట దాటలేదు, ఆ తర్వాత దసరా హడావుడి. మీ దగ్గరకు ఎప్పుడు వచ్చి పెట్టారు?

అన్నయ్యగారికి నా నమస్కారాలు. కంటికి ఆపరేషన్ చేయించుకోండి వదినా, వాయిదా వేయకండి.

సువర్ణ


మిర్యాలగూడ
23 జూలై 2025

సువర్ణకు,

నీ ఉత్తరం అందింది. మొదలంతా బాగానే రాశావు. చివర చీర దగ్గరికొచ్చేసరికి నీ మనసులో ఉన్నది బయటపడింది.

ఇరవై రెండేళ్ళుగా నీతో ఒక్క మాట తేడా రాకుండా ఉన్నాను. తమ్ముడు నాకు చీర పెట్టాడంటే నీకు చెప్పి పెట్టాలా? ఆయన నాతో అనలేదు, ఎప్పుడు వచ్చి పెట్టారు, ఈ ఆరాలేమిటి? నేను వాడి దగ్గర ఏ రోజూ చేయి చాచలేదు. మా ఇంట్లో చీరలకు కరువు లేదు. బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి వస్తే అన్నదమ్ములు చీర పెడతారు. అది కట్టుకుని నలుగురిలో ఆడితే, నాకు పుట్టిల్లు ఉందని ఊరికి తెలుస్తుంది. అమ్మా నాన్నా లేని దానికి అంతకన్నా ఏం కావాలి?

నువ్వు కోదాడ పిల్లవి, మీ దగ్గర ఈ పండుగ మాకున్నంత లేదు. సూర్యాపేటలో కాపురం పెట్టాక టౌన్ వాళ్ళతో కలిసి తొమ్మిదో నాడు ఆడావు. చివ్వెంల దగ్గరి మా ఊరి సద్దులకు ఒక్కసారైనా వచ్చావా? అత్త లేని ఇల్లని నిన్నెవరూ పిలవనూ లేదు, నీకు తెలియనూ తెలియదు. మా ఊళ్ళో సద్దులు ఏడో నాడే. తాతల నాటి నుంచి అంతే. ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఏడో నాడు సద్దులు చేసి సాగనంపేస్తారు. టౌన్‌లో ఇంకా రెండు రోజులు ఆడుతుంటే మా ఊళ్ళో పండుగ అయిపోతుంది.

నిరుడు కూడా నేను ఏడో నాడు పొద్దున్నే ఊరికి వెళ్ళాను. చీర ఫాల్ కుట్టించి తీసుకురమ్మని వారం ముందే వాడికి చెప్పాను. వస్తున్నా, వస్తున్నా అని నాలుగు సార్లు ఫోన్లో అన్నాడు. ఆడవాళ్ళందరూ కొత్తవి కట్టుకుని నిలబడితే నేను పాత చీరతోనే ఆడాను. కాల్వలో బతుకమ్మను వదిలి, సద్దులు పంచుకుని ఇంటికొచ్చాక వాడి కారు వచ్చింది. టైరు పంచరైందన్నాడు. మొహం కడుక్కుని, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ చీర కట్టుకునే నేను మిర్యాలగూడ వచ్చాను. ఇదీ నీ ప్రశ్నకు జవాబు. చాలా?

ఆ చీర నాకొద్దు. పార్సిల్ చేయించి నీకే పంపుతాను. నీ మొగుడి సొమ్ము నీ ఇంట్లోనే ఉండనీ.

శకుంతల


కోదాడ
4 ఆగస్టు 2025

వదినా,

ముందుగా క్షమించండి. చీర మీద నాకు ఏ ఆశా లేదు, అసూయ అంతకన్నా లేదు. ఊరికే అడిగాను. అమ్మ మీద ఒట్టు. కాని అడిగినందుకు మీరు రాసిన జవాబు చదివాక నాలుగు రోజులు నేను మనిషిలా లేను. నింపాదిగా రాస్తున్నాను, మీరూ నింపాదిగా చదవండి.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే జితేందర్ గారు నవనీత వేసిన కౌంటర్ నకలు పంపారు. నవనీత మీ ఊరి పిల్ల అని నాకు తెలుసు, జానయ్య కూతురని మీ తమ్ముడే అన్నారు. వార్డులో కుట్టు శిక్షణ కేంద్రం నడిపేదని కూడా తెలుసు. ఆ కేంద్రానికి మిషన్లు ఇప్పించింది ఈయనే. కౌంటర్‌లో ఆ పిల్ల ఏమంటోందంటే, ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఏ రోజని అడిగితే సద్దుల నాడని చెప్పిందట. రాసిపెట్టినతను గోడ మీది క్యాలెండర్ చూసి పదో తేదీ వేశాడట. భయంతో సంతకం పెట్టానని, తేదీ చూసుకోలేదని రాసింది. తన సద్దులు తమ ఊరి సద్దులని, అక్టోబర్ ఎనిమిది, ఏడో నాడని రాసింది. జితేందర్ గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. నాకు కూడా మొదట నవ్వొచ్చింది, సద్దులు ఏడో నాడు ఎక్కడైనా ఉంటాయా అని. వెంటనే మీ ఉత్తరం గుర్తొచ్చింది.

తర్వాతి పేరా మీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: "వాది తన అక్కగారి పండుగ చీరకు ఫాల్ కుట్టమని నాకు ఇచ్చినారు. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు ఆఫీసుకు తెమ్మన్నారు. ఇంకా మూరెడు కుట్టవలసి ఉన్నదని చెప్పగా, ఫరవాలేదు, ఇక్కడే కూర్చుని కుట్టమన్నారు. నేను కుట్టుచుండగా తలుపు గొళ్ళెం పెట్టినారు." ఆ కింద ఉన్నది నేను రాయలేను. చివర, సూది చీరలోనే ఉండగా పారిపోయి వచ్చితిని అని ఉంది.

జితేందర్ గారికి ఇది కట్టుకథ. చీర కథ ఎవరైనా అల్లగలరు, ఏ చీర, ఎక్కడుంది అని కోర్టులో అడుగుతారట. ఎక్కడుందో మన ఇద్దరికే తెలుసు వదినా. మీ మడమకు గుచ్చుకున్న సూది సంగతి ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? మీ మొదటి ఉత్తరం ఆమె చదవలేదు.

ఏడో నాడు నేనూ ప్రీతీ కోదాడలో ఉన్నాం. ఆయన ఆ సాయంత్రం ఎక్కడున్నారో నాకు తెలియదు. నేను ప్రమాణం చేసింది తొమ్మిదో నాటి గురించి. నాకు భయంగా ఉంది.

చీర పంపకండి. ఉతకకండి. ఆ సూది ఇంకా అందులోనే ఉందా? ఆ ఒక్క మాట రాయండి.

సువర్ణ


మిర్యాలగూడ
19 ఆగస్టు 2025

సువర్ణకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నువ్వు కూడా నా ఉత్తరాలు తగలబెట్టు.

ఫాల్ కుట్టేవాళ్ళు సూర్యాపేటలో వెయ్యి మంది ఉన్నారు. సూదులు ఎవరైనా మరిచిపోతారు. ఆ పిల్ల ఎక్కడో విని రాసి ఉంటుంది. నువ్వు దాన్ని పట్టుకుని కట్టుకున్నవాడి మీద అనుమానం పెంచుకుంటున్నావు. వాడు నా చేతుల మీద పెరిగినవాడు. వాడికి జ్వరమొస్తే నేను తినేదాన్ని కాదు.

చీర లేదు. పనిమనిషికి ఇచ్చేశాను. ఇంక దాని మాట ఎత్తకు. నువ్వు సూర్యాపేట వెళ్ళి నీ ఇంట్లో ఉండు, టికెట్ ఇస్తే తీసుకో. మన కుటుంబం నలుగురిలో నవ్వులపాలు కాకుండా చూడు. వదినగా ఇదే చెప్పగలను.

జవాబు రాయనక్కరలేదు.

శకుంతల


కోదాడ
2 సెప్టెంబర్ 2025

వదినగారికి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీకు వేరేవాళ్ళ నోటి నుంచి తెలియడం నాకు ఇష్టం లేదు.

మొన్నటిది కాదు, అంతకు ముందు ఆదివారం ఆయన కోదాడ వచ్చారు. పట్టణ అధ్యక్షుడు కూడా వెంట ఉన్నారు. అమ్మ చేత పెసరట్లు వేయించాను, ఇద్దరూ తిన్నారు. అధ్యక్షుడు టికెట్ ఖాయమని, ఆడమనిషిగా నేను ఇంటింటికీ తిరిగితే ఈ మచ్చ అంతా కొట్టుకుపోతుందని చెప్పారు. అధ్యక్షుడు గారు ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్ళినప్పుడు నేను మీ తమ్ముణ్ణి ఒకే ఒక్కటి అడిగాను, నిరుడు మీ ఊరి సద్దుల సాయంత్రం ఎక్కడున్నారని.

"కేసు తొమ్మిదో నాటిది. ఏడో నాటి ముచ్చట నీకెందుకు?" అన్నారు.

నేను కేసు సంగతి అడగలేదన్నాను. పళ్ళెంలో మిగిలిన పెసరట్టు తుంచుకుని తిన్నారు. చేయలేదు అన్న మాట ఆయన నోటి నుంచి వస్తుందేమోనని నేను ఎదురుచూశాను వదినా. వస్తే నమ్మేదాన్నేమో, ఇరవై రెండేళ్ళ అలవాటు కదా. "సంతకం పెట్టినవ్. ఇగ గంతే. ప్రీతి పెండ్లి సూసుకోవాలె మనం" అని లేచి చేయి కడుక్కున్నారు.

మర్నాడు నేను సూర్యాపేట వెళ్ళి జితేందర్ గారిని కలిశాను. నా అఫిడవిట్ పదో తేదీకే వర్తిస్తుందని, ఎనిమిదో తేదీ నేను కోదాడలో ఉన్నానని, ఆ రోజు సంగతి నాకేమీ తెలియదని ఇంకో కాగితం వేయమన్నాను. వేయనన్నారు. నేనే వేరే వకీలును పెట్టుకుని వేశాను. నేను చెప్పింది అబద్ధం కాదు, కాని నా నిజాన్ని తెచ్చి వేరే రోజుకు కాపలా పెట్టారు. అది నాకు తెలిసి కూడా ఊరుకుంటే ప్రీతి మొహం చూడలేను. తను అడిగినప్పుడు చూసిందే రాశానని చెప్పాను కదా. టికెట్ కూడా వద్దన్నాను. ఫ్లెక్సీలో నా మొహం మీద వేరే ఆవిడ ఫొటో అతికించారట, చీర మాత్రం నాదే ఉందని తిరుమలేష్ నవ్వుతున్నాడు.

మీ పేరు నేను ఎక్కడా ఎత్తలేదు. ఎత్తను. మీ ఉత్తరాలు కాల్చలేదు, కాని ఎవరికీ చూపలేదు కూడా. వీటిలో ఒకటి పట్టుకెళ్ళి జడ్జి ముందు పెడితే పని అయిపోతుందని తెలుసు. మీరు నన్ను నమ్మి రాసినవి అవి. మీకు ఆయన కొడుకులాంటివాడు, నాకంటే ముందు నుంచి మీవాడు. మిమ్మల్ని ఏమీ అడగను.

చీర పనిమనిషికి ఇచ్చేశానన్నారు. సరే. ఆమెకు సూది గుచ్చుకోకుండా చూసుకోమని చెప్పండి.

సువర్ణ


మన ఊరు, చివ్వెంల దగ్గర
28 సెప్టెంబర్ 2025

నా తల్లి సువర్ణకు,

మనింటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నిన్న ఏడో నాడు. సద్దులు అయిపోయాయి. చెప్పాల్సింది చాలా ఉంది, ఏది ముందో తెలియడం లేదు.

మొదట నా అబద్ధం సంగతి. చీర పనిమనిషికి ఇవ్వలేదు. అప్పుడు బీరువాలో, నా ఫోను పక్కనే ఉండింది. నీ ఉత్తరం కూడా కాల్చలేదు, బియ్యం డబ్బా కింద పెట్టాను.

రాఖీ నాటి సంగతి నీకు రాయలేదు. నీ ఉత్తరం అందిన రెండో రోజే రాఖీ. వాడు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. నీ రాతలన్నీ అబద్ధమని వాడి మొహం చూస్తే తేలిపోతుందని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. రాఖీ కట్టాను, నోట్లో మిఠాయి పెట్టాను. అది నమిలి మింగక ముందే, "అక్కా, నిరుటి నెమలికంఠం చీర ఉన్నదా? జర పని ఉన్నది, ఇయ్యి" అన్నాడు.

సువర్ణా, వాడు ముప్పై ఏళ్ళుగా నాకు చీరలు పెడుతున్నాడు. ఒక్కదాని రంగు కూడా వాడికి గుర్తుండదు. ఏ చీర పెట్టావురా అంటే, కొట్టువాడు ఇచ్చింది అనేవాడు. ఈ ఒక్కదాని రంగు వాడికి గుర్తుంది. లేదురా, పనిమనిషికి ఇచ్చేశాను అన్నాను. ఆమె కూడా పని మానేసి ఊరికి పోయిందన్నాను. వాడి మొహం తేటపడింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి, నేను తిట్టనని తెలిశాక ఎట్లా తేటపడేదో అట్లాగే. ఇంకో మిఠాయి అడిగి తిని వెళ్ళాడు. ఆ పది రోజులు నేను ఏం తిన్నానో ఎట్లా పడుకున్నానో నాకు తెలియదు. ఆ తర్వాతే నీకు ఆ పాపిష్టి ఉత్తరం రాశాను. నీ మీద కోపం కాదమ్మా. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

నీ చివరి ఉత్తరం వచ్చాక మా ఆయనకు అన్నీ చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను. విన్నంత సేపు విని, లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చి, "పా, నేను గూడ వస్త" అన్నారు. కాటయ్య కారు తీశాడు. నవనీత వకీలు రమ్య అని, చిన్న పిల్ల, సూర్యాపేటలో మేడ మీద ఆఫీసు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడింది, యూట్యూబ్‌లో నా గొంతు విన్నదట. సిగ్గుతో చచ్చిపోయాను. చీర బల్ల మీద పరిచాను. రమ్య దాన్ని ముట్టుకోలేదు, వంగి సూది వైపు చూసింది.

పద్దెనిమిదో తేదీన కోర్టులో నా అఫిడవిట్ ఇచ్చాను. మా ఊరి సద్దులు ఏడో నాడని, వాడు ఎన్ని గంటలకు వచ్చాడో, చీర ఎట్లా ఉందో అంతా రాయించాను. కోర్టు గుమాస్తా చీర తీసుకుని కాగితం మీద రాసుకున్నాడు: నెమలికంఠం రంగు చీర ఒకటి, కుట్టుసూది ఒకటి, దారంతో. జడ్జిగారు ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగారు. అప్పుడు నాకు తెలియదు, తెలిశాక భయపడ్డాను అన్నాను. అదే నిజం.

బయట వరండాలో వాడు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు గూడనా అక్కా?" అన్నాడు.

"చీర అడిగింది నేనే గదరా" అన్నాను. నా పండుగ చీర పేరు చెప్పి వాడు ఆ పిల్లను పిలిచాడు. అది నా మనసులో నుంచి పోదు, సువర్ణా. వాడు వెళ్ళిపోయాడు. వాడి నడక వెనక నుంచి మా నాన్న నడకే. ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఇరవై నాలుగున వాడి ఇంజంక్షన్ పిటిషన్ కొట్టేశారు. ఆ పిల్ల నోరు ఎవరూ మూయించలేరు. పరువునష్టం దావా ఇంకా నడుస్తుందట, పోలీసు కేసు వేరే ఉంది. పార్టీ వాడిని సస్పెండ్ చేసింది. మొన్నటిదాకా మన గేటు ముందు కార్లు పెట్టినవాళ్ళు ఇప్పుడు అవతలి సందులో నుంచి పోతున్నారట. వాడు తింటున్నాడో లేదో అని మనసు పీకుతుంది. ఆ మాట నీతో కాక ఎవరితో అనను?

ఇక నిన్నటి సంగతి. ఈసారి నాకు చీర పెట్టేవారు లేరు. పాతది కట్టుకునే వచ్చాను. ఊళ్ళో సగం మంది నాతో మాట్లాడలేదు. ఇంటి మగపిల్లాణ్ణి కోర్టుకు ఈడ్చిన ఆడబిడ్డకు పుట్టిల్లెక్కడిదని ఒకావిడ వినబడేటట్టే అంది. నేను బతుకమ్మ తెచ్చి మధ్యలో పెట్టాను. కొంచెం దూరంలో నవనీత తల్లి సైదమ్మ చిన్న బతుకమ్మ పట్టుకుని నిలబడి ఉంది. కేసు పెట్టిన నాటి నుంచి ఆమెను ఎవరూ పిలవడం లేదు. నేను వెళ్ళి ఆమె చేతిలోది తీసుకుని నాదాని పక్కన పెట్టాను. ఆట ఆడాం. కాల్వ దగ్గర సద్దులు పంచుకునేటప్పుడు నువ్వుల ముద్ద పట్టుకుని ఆమె ముందుకు వెళ్ళాను. ఇస్తినమ్మ వాయినం అన్నాను. కొంగు పట్టి, పుచ్చుకుంటినమ్మ వాయినం అంది.

నా వాయిస్ సంగతి ఎత్తి, నీ బిడ్డను అన్న మాటలకు నన్ను క్షమించు అన్నాను. అది వద్దన్నట్టు చేయి ఊపింది. తర్వాత ఆ ముద్ద కొంగులో మూట కట్టుకుంటూ, నా మొహం చూడకుండా అంది:

"నా బిడ్డ ఎన్నడు పని సగంల ఇడిసిపెట్టలేదమ్మా. గదొక్కటే."

కంటి ఆపరేషన్ వచ్చే నెలకు రాయించుకున్నాను. నువ్వూ ప్రీతీ వచ్చి నాలుగు రోజులు నా దగ్గర ఉండండి. కోర్టు నుంచి చీర ఎప్పుడిస్తారో రమ్యను అడుగు. ఆ మూరెడు నేనే కుడతాను.

శకుంతల